సీటు బెల్టు పెట్టుకున్న తీజ్ బుట్ట

పదకొండు శాతం. ఇందాక చూసినప్పుడూ పదకొండే. నేనే చూసి చూసి దిష్టి పెడుతున్నానేమోనని కళ్లు పక్కకు తిప్పుకుంటే పక్కసీట్లో బుట్ట, దానికి అడ్డంగా సీటు బెల్టు, బుట్ట నిండా గోధుమ మొలకలు, అన్నీ ఎడమ కిటికీ దిక్కే వాలి, నా మొహం చూడడం ఇష్టం లేనట్టు. మానుకోట పార్కులో గేటు పక్కన, ఏనుగు తొండం జారుడుబల్లకు ఎదురుగా ఉన్న ఈ చార్జింగ్ పాయింటు పెట్టించింది నేనే. మొదలుపెట్టిన రోజు ఎవరో పెద్దమనిషి కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు సరిగ్గా సాకెట్ మీద పోయబోతే, "అయ్యా, అయ్యా" అంటూ నేను రెండు చేతులూ చాపి అడ్డం పడ్డ ఫొటో మా ఆఫీసు గ్రూపులో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఆ మిషనే ఇప్పుడు నాకు కరెంటు ఇవ్వనంటోంది. ఫోన్లో మాత్రం పార్కు పేరు పక్కన పచ్చచుక్క, అందుబాటులో ఉందట. ఇక్కణ్నుంచి బయ్యారం దాటి మా తండాకు చేరాలంటే ఇరవై శాతమన్నా కావాలి. ముసలి బండి, కంపెనీ బండి, ఏసీ ఆపినా ఏసీ వేసినంత తాగుతుంది. పొద్దు వాలేలోపు చేరాలి. పొద్దు వాలితే బుట్టలు చెరువుకు పోతాయి, మా చెల్లె అనిత నెత్తి మీంచి దాని బుట్టను విక్రమ్ దించుతాడు. అది జరగకూడదు. ఇవాళ నాకున్న పని ఇదొక్కటే, ఆ ఒక్కటీ పదకొండు దగ్గర ఆగిపోయింది.

తీజ్ మా తండాల్లో పెళ్లికాని ఆడపిల్లల పండగ. బుట్టల్లో మన్నూ మేకల ఎరువూ నింపి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పూటపూటకూ పాడుకుంటూ నీళ్లు పోసి మొలకలు పెంచి, ఆఖరి రోజు నెత్తిన పెట్టుకుని చెరువుకు పోతాం. నీళ్ల దగ్గర ఆ బుట్ట దించాల్సింది అన్నదమ్ములు. మా ఇంట్లో నేనూ అనితే, అన్నదమ్ములు లేరు. అందుకని చిన్నప్పుడు మా పెద్దనాన్న కొడుకు విక్రమ్ దించేవాడు. దించే ముందు ప్రతిసారీ "నేను లేకుంటె మీ గతేందే?" అనేవాడు, నవ్వుతూనే, చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని, ఏం చేస్తాను, నీళ్లలో నిలబడి ఉంటిని, నెత్తిమీద బుట్ట. ఒక ఏడాది అనిత నవ్వలేదు. మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి, బుట్టను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, "మా అక్కనే దించాలె, లేకుంటె ఇంటికి తీస్కపోత" అంది. ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. తండా పెద్ద నాయక్ గొంతు సవరించుకున్నాడు. యాడి, అంటే మా అమ్మ గంగి, గట్టు మీంచే తిట్లు మొదలుపెట్టింది. చీకటి పడుతుంటే చెరువు దోమలు లేచి పిక్కల్ని పట్టుకున్నాయి, అందరికీ విసుగొచ్చి, "కానియ్యుండ్రి, కానియ్యుండ్రి" అన్నారు. మా తండాలో వచ్చిన పెద్ద మార్పులన్నీ దోమల వల్ల వచ్చినవే. అప్పట్నుంచి దాని బుట్ట నేను దించుతాను, నా బుట్ట అది దించుతుంది. దసరా దాటాక దాని పెళ్లి. ఇది దాని ఆఖరి తీజ్.

సెలవు అడిగాను. హైదరాబాదులో మా మేనేజరు చాలా మంచివాడు, కాదని ఎప్పుడూ అనడు, కేలండరు చూస్తాడు. "ఫెస్టివల్ అంటున్నావు సుమా, ఇక్కడ ఎర్రగా ఏం లేదే" అన్నాడు. ఎర్రగా లేని పండగకు ఆఖరి రోజు సాయంత్రం మాత్రం దొరికింది, అదీ 'వర్క్ అయిపోతే' అనే తోకతో. జనగామ, మానుకోట, భూపాలపల్లి, మూడు ఊళ్ల పార్కుల్లో మిషన్లు, మూడింటికీ నేనొక్కదాన్నే. తొమ్మిది రోజులు తండాలో కూర్చుని నీళ్లెవరు పోస్తారు? యాడి పోయి నాయక్‌ను బతిమాలింది. ఆయన ఆలోచించి ఆలోచించి, "మన్ను మాత్రం ఈడిదే ఉండాలె, నీళ్లు పిల్లనే పొయ్యాలె" అని తీర్పు చెప్పాడు. అనిత ఆ మన్ను యూరియా సంచిలో కట్టుకుని, రెండు బస్సులు మారి, భూపాలపల్లిలో నా గదికి తెచ్చింది. కండక్టరు దాన్ని లగేజీ అన్నాడట. ఇది "మన్నుకు టికెట్ కొడ్తవా అన్నా?" అని అడిగిందట. పూటపూటకూ నీళ్లు పోయాలి కదా, గదిలో వదిలేసి జనగామ పోతే ఎట్లా? అందుకని బుట్ట నాతోపాటే డ్యూటీకి వచ్చింది. సీట్లో పెడితే, తడి మన్ను బరువుకు మనిషనుకుని బండి టింగుటింగుమని ఒకటే మొత్తుకోవడం. బెల్టు పెడితే ఊరుకుంది. పాటలు నాకు సరిగ్గా రావు, సగం సగం వచ్చు, రాని చోట హమ్ చేశాను. కిటికీ వైపు వెలుతురు కాబట్టి మొలకలు అటే వాలాయి. అందులో వింతేం లేదు, ఆరో తరగతి సైన్సు. అయినా పొద్దున్నే కారు తలుపు తీసి చూసినప్పుడు, ఇన్ని ఊళ్లు తిప్పినా ఇది నా పక్కకు రాలేదు కదా అనిపించేది.

ఇవాళ పొద్దున జనగామ. పార్కులో మిషను మూడు రోజులుగా పనిచేయడం లేదని ఫిర్యాదు. మూత విప్పితే లోపల బల్లి, రెండు ఫేజుల మధ్య అడ్డంగా, పాపం అది కూడా ఎటో పోవాలనుకుని ఉంటుంది. తీసి, తుడిచి, కాలిన ముక్క మార్చి, చెమట తుడుచుకుని, నా బండి తీసుకొద్దామని అటు తిరిగి ఇటు వచ్చేసరికి ఒక తెల్లకారు పెట్టేసి ఉంది. బట్టలషాపు వాళ్ల అబ్బాయి రవితేజ, చేతిలో చెరుకురసం గ్లాసు. "అక్కా, మూడు దినాలసంది సూస్తున్న" అన్నాడు. "తమ్మీ, నాది మానుకోట దాకా పోవాలె, జర నన్ను ముందు పెట్టనియ్" అన్నాను. "మీరు కంపెనీవాళ్లే గదక్కా, మీకేంది, యాడికి పోయినా దొర్కుతది" అన్నాడు, నిజంగా నమ్మి, నా ఐడీ కార్డు చూస్తూ గౌరవంగా. చెరుకురసం తాగమన్నాడు, తాగలేదు. తొర్రూరు రోడ్డు ఎక్కాను, పెద్దవంగర దగ్గర పత్తిచేలు వాన లేక తలలు వేలాడేసుకుని ఉన్నాయి, నా అంకె తగ్గుతూ వచ్చింది, లారీల వెనకాల మెల్లగా, అద్దాలు దింపి, ఏసీ లేకుండా, మెడ కింద చెమట. ఎత్తు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టాను, నేను బిగబడితే బండి తేలికవుతుందన్నట్టు. మానుకోట పార్కు గేటు కనిపించేసరికి ఎనిమిది. పెట్టాను. తొమ్మిది, పది, పదకొండు. టక్ మని చప్పుడు. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. కాంటాక్టరు, అంటే కరెంటు కలిపే లోపలి స్విచ్చు, పడిపోయిన చప్పుడు. దాని వెనకాలే పార్కు ఆ చివర బోరు మోటరు మొదలైంది, మూలుగుతూ.

వాచ్‌మన్ రాజయ్య పైపు భుజాన వేసుకుని వస్తున్నాడు. కారు దిగి ఎదురుపోయాను.

"కాకా, చార్జింగుది బంద్ చేసినవా?"

"చేసిన బిడ్డా. మోటరు ఏసిన. రెండు ఒక్కపారి నడ్వయని నువ్వే చెప్తివి గద, మీటర్ ఎగిరిపోతదని."

"చెప్పిన. జర సేపు మోటరు ఆపరాదు? పైన చూడు, మొగులైంది, వాన వస్తది."

"మొగులు రోజు అయితనే ఉన్నది. అయినకాడికి పడ్తదా? సాయంత్రం నీళ్లు పడ్తున్నట్టు గ్రూపుల ఫొటో పెట్టాలె, సార్లు అడుగుతరు. ట్యాంకు నిండకుంటె పొద్దుగాల వాకింగ్‌కొచ్చేటోళ్లు నా మీదికే వస్తరు. నీ ఒక్క బండి కోసం గింత పార్కు ఎండవెట్టమంటవా?"

మునిసిపాలిటీవాళ్లు పార్కు మీటరే ఇచ్చారు, వేరే లైను అడిగితే చూద్దామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. రాజయ్య ఫొటో తీసుకున్నాడు, పైపు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో, గడ్డిపూల మీద నీళ్లు, వెనకాల నా కారు. వచ్చి మళ్లీ సీట్లో కూర్చున్నాను. మోటరు చప్పుడు వింటుంటే బాపు గుర్తొచ్చాడు. బాపు బతుకంతా త్రీఫేజు కరెంటు కోసం కాచుకోవడమే, వచ్చిందా పోయిందా అని స్టార్టరు దగ్గరే కూర్చుని, అన్నం గిన్నె అక్కడికే తెప్పించుకుని. ఆ కూర్చోవడం వద్దనే కదా నన్ను ఎలక్ట్రికల్ చదివించింది. చదివాను. ఇప్పుడు ఏసీ ఉన్న కారులో ఏసీ వేసుకోకుండా కూర్చుని కరెంటు కోసం కాచుకుంటున్నాను. హాస్టల్లో ఉన్నప్పుడు కూడా ఇంతే, ఒక్కటే ప్లగ్గు, ఆరు ఫోన్లు. నా ఫోను ఎప్పుడూ చివరన పెట్టుకునేదాన్ని, పర్వాలేదులే అని. పర్వాలేదులే అనీ అనీ అదే నా పేరయింది. యాడి ఫోన్ చేస్తే పర్వాలేదు, మేనేజరు ఇంకో ఊరు కలుపుతానంటే పర్వాలేదు, సంబంధం వాళ్లు పిల్ల ఎప్పుడూ రోడ్ల మీదే ఉంటుందట కదా అని వెనక్కి పోతే పర్వాలేదు. ఒంట్లో కూడా ఇట్లాంటి అంకె ఒకటి ఉంటే బాగుండేది, పొద్దున లేవగానే కనపడేలా, ఇవాళ దీనికి ఇంతే ఉంది, జాగ్రత్తగా వాడండి అని. పన్నెండు కాలేదు. పదకొండే.

కిటికీ మీద టకటక. చీపురు చంకన పెట్టుకుని ఒకామె లోపలికి తొంగి చూస్తోంది, చెవుల పక్కన జుట్టుకు వేలాడే వెండి బుడ్డలు అద్దానికి తగిలి మోగాయి. ఈ పార్కు ఊడ్చే తుల్సీబాయి. ఎన్నిసార్లు వచ్చినా ఎప్పుడూ మాట్లాడుకోలేదు, నేను తెలుగులో పలకరించేదాన్ని, ఆమె తెలుగులో తల ఊపేది. ఇవాళ బుట్ట చూసి సూటిగా మా భాషలోకి దిగింది.

"ఛోరీ, నువ్వు మనోళ్ల పిల్లవా? ఇన్ని దినాలు చెప్పకపోతివి!"

"నువ్వు అడగకపోతివి."

"గిదేంది, అన్నీ ఒక్కదిక్కే వొంగినయ్? సంబంధం అటు దిక్కుకెల్లి వస్తదేమో."

"అటు దిక్కు ఏమున్నది, మూత్రశాల."

ఆమె నవ్విన నవ్వుకు ఆ చివర రాజయ్య పైపు వంకర పోయింది. తర్వాత ఆమె నవ్వు ఆపి, తల ఇంకా లోపలికి పెట్టి, మొలకల్ని ముట్టకుండా వాటి మొదళ్ల దగ్గర ముక్కు పెట్టి చూసింది. "మన్ను ఎండిపోయింది గదనే. పొద్దటి సంది నీళ్లు పోసినవా?" పోయలేదు. జనగామలో బల్లి, రవితేజ, తొర్రూరు ఎత్తులు, మధ్యాహ్నం నీళ్లు మర్చిపోయాను. తొమ్మిది రోజుల్లో ఒక్క పూట, అదీ ఆఖరి పూట. మొలకలు వాలింది వెలుతురుకే కాదు, దాహానికి కూడా. సీటు బెల్టు తీసి బుట్టను తలుపు దగ్గరికి జరిపాను. తుల్సీబాయి బుట్ట పట్టుకోలేదు. పెళ్లైనదాన్ని, నేను ముట్టొద్దు అంది. కానీ రాజయ్య దగ్గరికి పోయి అతని భుజం మీంచి పైపు లాక్కొచ్చింది. "ఓ రాజయ్యా, నీ గడ్డికి ఫొటో దిగినవ్ గద, ఇగ పిల్ల బుట్టకు పోయనియ్" అని, కొసను నా చేతికి ఇచ్చింది. నా కరెంటును తీసుకుపోయిన మోటరు నీళ్లు. చల్లగా ఉన్నాయి. వేలు అడ్డం పెట్టి సన్నగా పోశాను. పాట రాని చోట నేను ఆగితే, ఆ సగం తుల్సీబాయి పాడింది, చీపురు నేలకు ఆనించి, మెల్లగా, పక్కన జారుడుబల్ల దగ్గర పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తుంటే.

"ఏ తండా? బయ్యారం దిక్కా? మరి గీడ కూసున్నవేంది, ఆటోల పోరాదు?"

పోవచ్చు. గేటు బయట ఆటోలు అరుస్తూనే ఉన్నాయి, నేను కారు పెట్టినప్పట్నుంచి వింటూనే ఉన్నాను. కంపెనీ బండి వదలకూడదని చెప్పాను. ఆడపిల్ల కాదు కదా అది, తాళం వేసి పో అంది. అసలు సంగతి నిరుడు విక్రమ్ అన్న మాట. నేను బస్సు దిగి, బురదలో చెప్పులు చేత పట్టుకుని తండాకు నడుస్తుంటే, తన కారు పక్కన ఆపి, అద్దం దింపి, "ఏందే సుమా, కార్లకు తిండి పెట్టుడు నీ పని, నువ్వు మాత్రం బస్సులనా?" అన్నాడు. ఎక్కమన్నాడు కూడా. ఎక్కలేదు. అనిత అది విన్నది. అందుకే ఈసారి నువ్వు కారులోనే రావాలె అక్కా, నువ్వే నడుపుకుంట, బుట్ట పక్కన పెట్టుకుని అని పట్టుబట్టింది. మా ఆఫీసు కారు అని చెప్పినా వినలేదు. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదేనట. పదకొండు దగ్గర నేను కూర్చుని ఉన్నది నిరుడు ఒకడు కారు అద్దం దించి అన్న మాట కోసమని తుల్సీబాయికి ఎట్లా చెప్పడం?

ఫోను మోగింది. అనిత. వెనకాల డప్పు, ఆడవాళ్ల పాట, ఎవరిదో ఏడుపు, ఆఖరి రోజు అందరూ ఏడుస్తారు.

"అక్కా, బుట్టలు లేపిండ్రు. నేను నెత్తికెత్తుకున్న. యాడున్నవ్?"

"మానుకోటల. కరెంటు..."

"నాకు కరెంటు కథ చెప్పకు. నువ్వు వచ్చేదాక దించ. విక్రమన్న తువ్వాల నడుముకు కట్టుకొని ముందట్నే నడుస్తున్నడు, పెండ్లికొడుకు లెక్క. ఎంతసేపు?"

"వస్తున్న" అన్నాను. ఎంతసేపో చెప్పలేదు, మిషన్ను అడుగుతుంటే అదే చెప్పడం లేదు. ఫోను పెట్టేసేసరికి రాజయ్య మోటరు ఆపాడు. తుల్సీబాయి ఏమన్నదో, ఏం చెప్పిందో, ట్యాంకు సగమే నిండినా ఆపేశాడు. టక్. పచ్చలైటు. "పెట్టుకో బిడ్డా, పొద్దుగాల తిట్లు నేను తింట తీ" అన్నాడు. పదకొండు, పన్నెండు. బుట్టకు మళ్లీ బెల్టు పెట్టి, నేను సీటులో ముందుకు వంగి కూర్చున్నాను. పదమూడు అవుతుండగా ముందు అద్దం మీద ఒక చుక్క పడింది. బొట్టంత పెద్దది. ఇంకోటి. రాజయ్య పైకి చూసి, నా వైపు చూసి, తప్పు తనదే అన్నట్టు తల గోక్కున్నాడు. గాలి లేచింది, ఏనుగు తొండం కింద పిల్లలు కిచకిచమన్నారు, ఎన్నాళ్లుగానో ఉట్టిగా తిరిగిన మొగులు ఒక్కసారి పగిలింది. వాన మొదలైన మరుక్షణం మానుకోటలో ఏం పోతుందో అందరికీ తెలుసు. కరెంటు పోయింది. పార్కు మొత్తం, వీధి మొత్తం, ఎదుటి మెడికల్ షాపు బోర్డుతో సహా. చార్జింగ్ గన్ను కారుకు బిగుసుకుపోయింది, కరెంటు వస్తేగాని ఊడదు, పనిముట్లతో ఊడదీయాలి, పనిముట్లు నా దగ్గర ఉన్నాయి, ఊడదీసినా పన్నెండు శాతంతో బయ్యారం కూడా దాటను. ఇదంతా లెక్క వేసింది నా తలే. చేతులు మాత్రం ఆ లెక్క పూర్తయ్యేవరకు ఆగలేదు, అప్పటికే బెల్టు తీశాయి.

బుట్ట బయటికి తీశాను. తడిసి రెట్టింపు బరువు. నెత్తిన పెట్టుకున్నాను, కంపెనీ టీషర్టు, మెడలో ఐడీ కార్డు, కాళ్లకు స్పోర్ట్స్ షూ, నెత్తిన తీజ్. పార్కు జనమంతా చెట్ల కింద నుంచి చూస్తున్నారు. తాళం రాజయ్య చేతిలో పెట్టాను, ఎవరికీ ఇవ్వకూడని తాళం. "బండి నేను చూస్కుంట పో, కరెంటొస్తె ఫోన్ చేస్త" అన్నాడు. తుల్సీబాయి అప్పటికే గేటు బయట రోడ్డు మధ్యలో నిలబడి, చీపురు అడ్డం పెట్టి ఆటో ఆపేసింది. డీజిలాటో, పొగ, లోపల ఇరవైమందికి తక్కువ కాకుండా బయ్యారం పోయే జనం. డ్రైవరు బుట్టను చూసి, "పైన కట్టమంటవా అక్కా?" అన్నాడు. వద్దన్నాను. ఒక ముసలాయన మోకాళ్లు దగ్గరికి తీసుకుని చోటిచ్చాడు. వొళ్లో పెట్టుకున్నాను. ఆటో కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే వానలో నా కారు, నేను పెట్టించిన మిషను, వాటి మధ్య నల్లటి తీగ. ఫోన్లో కంపెనీ మెసేజి: చార్జింగ్ ముగిసింది, ధన్యవాదాలు, మీ అనుభవానికి రేటింగ్ ఇవ్వండి. ఫోను జేబులో పెట్టేశాను. చల్లగాలి ముఖానికి కొడుతోంది, పొద్దుటి నుంచి మొదటిసారి. బయ్యారం రోడ్డు గుంతల్లో బుట్ట ఎగిరెగిరి పడుతుంటే రెండు చేతులతో పొదివి పట్టుకున్నాను, మొలకలు ఇప్పుడు నా వైపా అటు వైపా అని చూడలేదు, వానకు అన్నీ అన్ని వైపులా పడి ఉన్నాయి.

మళ్లీ అనిత. ఈసారి డప్పు ఆగిపోయి ఉంది. చెరువు దగ్గరికి చేరినట్టున్నారు.

"ఇంకెంత దూరమే?"

అలవాటుగా అంకె కోసం వెతికాను. ఆటోలో డ్రైవరు ముందు ఒక నిమ్మకాయ వేలాడుతోంది, అంతే.

"ఆటోల ఉన్న. కారు ఆడనే ఉండిపోయింది."

ఫోన్లో అవతలా వాన చప్పుడే.

"పోతె పోనీ తీ" అంది అనిత.

"నెత్తి నొస్తున్నదా?"

"నొస్తున్నది. తడిసింది గద, బండలెక్కున్నది. విక్రమన్న చేతులు చాపుకొని ముందట్నే నిలబడ్డడు."

"ఏమన్నవ్?"

"దోమలు లేచేదాక నిలబడు అన్న."

ముసలాయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు. ఆటోలో అంత గట్టిగా ఎవరూ నవ్వరు కాబోలు.